పచ్చిక మీద పితూరీలు

అచ్చుతప్పులు పట్టుకోవడం నా వృత్తి. ముప్పై నాలుగేళ్ళపాటు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దాను. ఎదుటివాళ్ళ తప్పులు వెతికినందుకు నెలనెలా జీతమిచ్చే ఉద్యోగం కావడంతో, నాలో తప్పులుండవనే సంగతి ఎవరూ చెప్పకుండానే నాకు నేనుగా తెలుసుకున్నాను. మా పేటలో నన్ను ‘కామాగారు’ అంటారు. రొట్టెల దుకాణం తలుపు మీద ‘వేడి రొట్టెలు కలవు కుక్కలకు ప్రవేశం లేదు’ అని అంటించిన కాగితానికి, ‘కలవు’ పక్కన ఎర్రసిరాతో కామా పెట్టి వచ్చిన రోజు నుంచి ఆ పేరు స్థిరపడింది. నేను దాన్ని బిరుదనుకున్నాను. ఎన్నేళ్ళు అలా అనుకున్నానో చెప్పను, సిగ్గుచేటు.

ఇప్పుడున్న ఇంట్లోకి మారి ఇరవయ్యారేళ్ళయింది. మేడమీద మూడు గదులు. ముందుగది కిటికీ తెరిస్తే ఎదురుగా బయలు. చుట్టూ మూడంతస్తుల ఇళ్ళు, వాటి కింద దుకాణాలు, మధ్యన ఎకరన్నర పచ్చిక. ఒకప్పుడు ఇక్కడ ఒక పల్లె ఉండేదట. గొడ్లు మేపుకోవడానికి, బళ్ళు ఆపుకోవడానికి, బట్టలు ఆరేసుకోవడానికి ఆ పల్లె ఉమ్మడిగా ఉంచుకున్న నేలట ఇది. పట్నం పెరిగి పెరిగి పల్లెను మింగేసింది. బయలు మాత్రం గొంతుకి అడ్డం పడి అలాగే మిగిలిపోయింది. ఇల్లు చూపించిన బ్రోకరు, “ఎదురుగా అంతా ఖాళీ సార్. గాలి, వెలుతురు, ప్రశాంతత” అన్నాడు. మొదటి రెండూ నిజమే.

మొదటి ఆదివారమే ఒక రబ్బరు బంతి కిటికీలోంచి వచ్చి, నేను దిద్దుతున్న వ్యాకరణ పుస్తకం ప్రూఫుల మీద పడి, సిరాబుడ్డిని బోర్లా కొట్టింది. కింద నుంచి “అంకుల్, బాల్!” అని కేక. నేను బంతి ఇవ్వలేదు. టైపు మిషను ముందు కూర్చుని మునిసిపాలిటీకి ఉత్తరం కొట్టాను. ‘జతపరచినది: బంతి ఒకటి’ అని కింద రాసి, రెంటినీ పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చి, నా కార్బన్ కాపీ మీద తేదీతో సహా ముద్ర వేయించుకున్నాను. ఉత్తరానికి పైన కుడివైపు ‘1’ అని అంకె వేశాను. ఒకటి అని వేసినవాడు రెండు వేయకుండా ఉండగలడా?

అలా మొదలైంది. బయట ఇద్దరు ముసలాళ్ళు చదరంగం ఆడుతూ ఎత్తు వెనక్కి తీసుకోవచ్చా లేదా అని ముప్పావుగంట అరుచుకుంటే ఉత్తరం. కర్రలు పాతి దుప్పట్లు ఆరేస్తే ఉత్తరం. ఏటా ఆరేడు చొప్పున, ఇరవయ్యారేళ్ళకి నూట అరవై రెండయ్యాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఒక్క మనిషి కూడా వచ్చి ఎవరినీ ఆపలేదు. నేను మాత్రం కాపీలన్నీ వరసగా ఒక నీలంరంగు రేకుపెట్టెలో దాచుకున్నాను. ఈ సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. పేటలోవాళ్ళకి తెలిసిందల్లా నేను కిటికీ తలుపు గట్టిగా వేస్తానని.

మా ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. రోజంతా పరాయివాళ్ళ మాటలు కలిపి కలిపి విసుగెత్తిపోయిందో ఏమో, సాయంత్రం ఇంటికొచ్చాక రోజూ గంటసేపు లైబ్రరీకి వెళ్ళేది. ఎంత చదువుతుందో పాపం అనుకునేవాణ్ణి.

పోయినేడు ఒక పొద్దున బయలు నాలుగు మూలలా కర్రలకి నోటీసులు కట్టారు. ఈ ఖాళీ స్థలంలో మునిసిపాలిటీవాళ్ళు అయిదంతస్తుల కార్ల పార్కింగు కడతారట, అభ్యంతరాలుంటే తెలపమన్నారు. జనం నోటీసు చుట్టూ మూగి తిట్టుకుంటున్నారు. నేను మేడెక్కి వచ్చి, జీవితంలో రెండోసారి మునిసిపాలిటీని మెచ్చుకుంటూ ఉత్తరం రాశాను. నూట అరవై మూడో నంబరు. ‘ఇన్నాళ్ళకు తమరు మేల్కొన్నందుకు అభినందనలు’ అని. మొదటిసారి ఎప్పుడు మెచ్చుకున్నానో తర్వాత చెప్తాను. దాని గురించి చెప్పాలంటే ముందు కాస్త ధైర్యం తెచ్చుకోవాలి.

వారం తర్వాత ఆఫీసు గోడకి ప్లాను అంటించారు. తప్పులుంటే పట్టుకుందామని కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళాను. అక్షరాల్లో తప్పుల్లేవు. కార్లు పైకెక్కే ర్యాంపు మాత్రం, సరిగ్గా నా ముందుగది కిటికీకి పదకొండడుగుల దూరంలో మెలిక తిరుగుతోంది. తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా ప్రతి కారూ నా ముఖం మీదే గేరు మార్చాలి.

ఆ సాయంత్రమే నేను బయలును కాపాడే ఉద్యమంలో చేరాను.

ఉద్యమమంతా టైలరమ్మ షాపులో ఉంది. బయలుకి తూర్పు మూల, మా ఇంటికి ఎదురుగా ఆమె షాపు, పైనే ఇల్లు. యాభై దాటిన మనిషి. మొగుడు పోయి పద్నాలుగేళ్ళయింది. నేను వెళ్ళేసరికి మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. నన్ను చూసి సూదులు తీసేసింది.

“మీరా?”

“బయలు కోసం వచ్చాను,” అన్నాను.

“బయల్లో కామా ఏమైనా తగ్గిందా?” అన్నాడు రొట్టెల దుకాణమాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ర్యాంపు గురించి చెప్పలేదు.

కేసు నడిపేది టైలరమ్మ చెల్లెలి కూతురు, లాయరు. చిన్నపిల్లే గానీ మాట సూటిగా ఉంటుంది. బట్టలు కత్తిరించే బల్ల మీద ఒక పాత పటం పరిచింది. అందులో మా బయలు మీద ‘ఊరుమ్మడి’ అని స్పష్టంగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

“దీంతో పని జరగదు బాబాయ్‌గారూ,” అందా అమ్మాయి. “ఊరే లేదు కాబట్టి ఉమ్మడీ లేదంటారు వాళ్ళు. చట్టం ఏమంటోందంటే, చుట్టుపక్కల జనం ఇరవై ఏళ్ళపాటు ఎవరి అనుమతీ అడక్కుండా, దాక్కోకుండా, దెబ్బలాడకుండా, తమదన్నట్టే ఆ నేలని వాడుకున్నారని రుజువు చేస్తే చాలు, దాన్ని ఉమ్మడి బయలుగా రిజిస్టరు చేస్తారు. ఆ తర్వాత ఎవరూ అక్కడ ఇటుక పెట్టలేరు. కానీ మధ్యలో ఒక్క ఏడాది కూడా తెగకూడదు. నాకు తేదీలు కావాలి.”

“తేదీలెందుకమ్మా, నేనున్నాగా,” అన్నాడు రొట్టెలాయన. “మా పెద్దాడు ఇంత ఉన్నప్పటి నుంచి అక్కడ బంతాడాడు.”

“ఏ సంవత్సరం?”

“వానలు బాగా పడిన ఏడు.”

“అదే, ఏ ఏడు?”

“చెప్పాగా, మా పెద్దాడు ఇంత ఉన్న ఏడు.”

అందరి సాక్ష్యమూ ఇదే తీరు. ఫొటోలు తెచ్చారు; వాటి మీద తేదీల్లేవు, వెనక కనిపించే గడ్డి ఎక్కడి గడ్డయినా కావచ్చు. లాయరమ్మాయి తల పట్టుకుంది. “మునిసిపాలిటీ లాయరు వీళ్ళని పావుగంటలో పిండేస్తాడు పెద్దమ్మా. ఎవరైనా, ఎక్కడైనా, ఒక్క కాగితం మీద తేదీ వేసి ఉండరా?”

నేను గుడ్డముక్కలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. “చెప్పారా?”

“ఏం చెప్పాలి?”

“మీ రేకుపెట్టె సంగతి.”

“అవి నా సొంత ఉత్తరాలు.”

“మునిసిపాలిటీకి ప్రేమలేఖలు రాసినట్టు మాట్లాడకండి. ఇరవయ్యారేళ్ళు ఆ బయల్లో ఎవరు నవ్వినా ఎవరు తుమ్మినా తేదీ వేసి, టైము వేసి రాశారు. అంతకంటే సాక్ష్యం ఇంకెక్కడుంది?”

ఆమె చెప్పింది నిజమేనని నాకు ముందే తెలుసు. బల్ల మీద పటం పరిచినప్పుడే తెలుసు. కానీ ఆ ఉత్తరాలు బయటపడితే, నేను ఎవరి మీద పితూరీలు చెప్పానో ఆ జనం మధ్యనే మళ్ళీ బతకాలి. ఒకవైపు ర్యాంపు, ఒకవైపు పరువు. మూడు రోజులు మింగలేక కక్కలేక గడిపాను. నాలుగో రోజు పెట్టె తెరిచి, ప్రూఫులు దిద్దినట్టే కూర్చుని, పనికిరానివి ఏరేశాను. డెబ్భై ఒకటి నుంచి ఎనభై ఎనిమిది దాకా పద్దెనిమిది, ఆఖరి మెచ్చుకోలు ఉత్తరం ఒకటి, మొత్తం పందొమ్మిది తీసి పరుపు కింద పెట్టాను. మిగతావి పట్టుకుని లాయరమ్మాయి దగ్గరికి వెళ్ళాను.

ఆమె మొదటి ఉత్తరం చదివింది. రెండోది చదివింది. అయిదో ఉత్తరానికి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

“బాబాయ్‌గారూ, ఇది గని! ప్రతిదాని మీదా మునిసిపాలిటీ ముద్ర ఉంది. జవాబేమైనా ఇచ్చారా?”

“ఒక్కదానికీ ఇవ్వలేదు. ఎంత నిర్లక్ష్యమో చూడు.”

“ఇచ్చుంటే మునిగేవాళ్ళం. జనాన్ని ఆపలేదు, అనుమతీ ఇవ్వలేదు. వాళ్ళు చూస్తూ ఊరుకున్నారని మీరే రాసిచ్చారు!” అని గబగబా కాగితాలు తిప్పుతూ ఒక్కసారి ఆగింది. “డెబ్భై తర్వాత ఎనభై తొమ్మిదేమిటి?”

నంబర్లు వేసే అలవాటు ఎంత చెడ్డదో నాకప్పుడు తెలిసింది.

“అవి... పోయాయమ్మా.”

“అసలు ఉత్తరాలు మునిసిపాలిటీ ఫైల్లో ఉంటాయి. మనం పద్దెనిమిది దాచామని తెలిస్తే మిగతా నూటనలభైనీ ఎవరూ నమ్మరు. ఎక్కడున్నాయి?”

“పరుపు కింద,” అన్నాను.

మర్నాడు వాటిని చదివినప్పుడు ఆ అమ్మాయి నవ్వలేదు. చదివి, అంచులు సమంగా సర్ది, అలా బల్ల మీద పెట్టింది. “విచారణకి ఇంకా మూడు వారాలుంది. ఈలోపల మీరే వెళ్ళి పెద్దమ్మకి చెప్పండి. అక్కడ అందరి ముందూ వినకూడదు ఆవిడ.”

చెప్పడానికే వెళ్ళాను. మొదటిసారి మాట కలపడానికి సాకుండాలని చొక్కా గుండీ నేనే తెంపుకుని మరీ వెళ్ళాను. ఆమె గుండీ కుట్టి ఇచ్చింది, వచ్చేశాను. రెండోసారి ప్యాంటు పొడవు తగ్గించమన్నాను. మూడోసారి కోటుకి అస్తరు మార్పించాను. మూడు వారాల్లో నా బట్టలన్నీ బాగుపడ్డాయి, నేనే బాగుపడలేదు.

విచారణ మునిసిపల్ ఆఫీసు రెండో అంతస్తులో, పొడుగాటి హాల్లో జరిగింది. కదిలితే కిర్రుమనే కుర్చీలు. ముందు బల్ల దగ్గర విచారణాధికారి, నడివయసు ఆవిడ, ముఖంలో ఏమీ కనబడనివ్వని మనిషి. మునిసిపాలిటీ లాయరు లేచి, “అది పిచ్చిమొక్కలు మొలిచిన ఖాళీ జాగా. ఎవరైనా ఎప్పుడైనా అడ్డదారిన నడిచారేమో గానీ, వాడుక అనేదే లేదు” అన్నాడు. రొట్టెలాయన సాక్ష్యం అనుకున్నట్టే పావుగంటలో, ఆయన పెద్దాడి ఎత్తు దగ్గర చతికిలబడింది.

తర్వాత నన్ను పిలిచారు. రాసినవాడే చదవాలన్నారు. రికార్డు గుమాస్తా మునిసిపాలిటీ ఫైలు పట్టుకొచ్చాడు. లావుపాటి ఫైలు, దానికి తాడుతో కట్టి, గాలిపోయి అప్పడంలా అణగారిన రబ్బరు బంతి. ఇరవయ్యారేళ్ళు దాన్ని జతపరచినది జతపరచినట్టే ఉంచారు. విచారణాధికారి దాన్ని వేలితో ఒకసారి నొక్కి చూసి, “చదవండి” అంది.

నా ఉత్తరాల భాష గురించి ముందే చెప్పాల్సింది. మామూలుగా మాట్లాడితే ఆఫీసువాళ్ళు లెక్కచెయ్యరని, నేను తాతలనాటి భాషలో రాసేవాణ్ణి. ‘నిన్నటి దినమున సాయంకాలము ఆరు గంటలకు’ అని ఎత్తుకునేసరికి వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. చదరంగం ఉత్తరం రాగానే ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. “అబద్ధం! నేను ఎత్తు వెనక్కి తీసుకోలేదు!”

“ఆడారా లేదా?” అంది విచారణాధికారి.

“ఆడాను. రోజూ ఆడాను. కానీ వెనక్కి తీసుకోలేదు.”

ఆమె రాసుకుంది. అరవై ఒకటో ఉత్తరం: ‘ప్రతిదినము సాయంకాలము బయలు ఉత్తరపు దిక్కున కొందరు స్త్రీలు చేరి విరగబడి నవ్వుచున్నారు. అందొకామె నవ్వు ఖాళీ డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్లుండును. ఆమెను గుర్తించి తగు చర్య తీసుకొనవలెను.’

“నేనే!” అని వెనక నుంచి గొంతు. తిరిగి చూడక్కర్లేదు, ఆ గొంతుతో ముప్పై ఎనిమిదేళ్ళుగా కాపురం చేస్తున్నాను. మా ఆవిడ చెయ్యెత్తి నిలబడింది. “ఆ డబ్బా నాదేనండీ. పదిహేనేళ్ళు రోజూ వెళ్ళాను. రాసుకోండి.”

“నువ్వు లైబ్రరీకి కదా వెళ్ళేదానివి?” అన్నాను, ఎక్కడున్నానో మరిచిపోయి.

“నవ్వడానికి లైబ్రరీలో ఒప్పుకోరండీ,” అంది. ఆ హాల్లో గులకరాళ్ళ డబ్బాలు ఒక్కసారిగా యాభై మోగాయి. విచారణాధికారి కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆ నవ్వు ఆగేలోపల నాకు డెబ్భై ఒకటో ఉత్తరం కనబడింది.

డెబ్భై ఒకటి నుంచి ఎనభై ఏడు దాకా పదిహేడు ఉత్తరాలూ ఒకే మనిషి మీద. సాయంత్రం అయిదూనలభైకి ఒకాయన తూర్పు మూల గడ్డిలో నిలబడి బాకా ఊదేవాడు. పావుగంట. ఎప్పుడూ ఒకే పాట. ఎనిమిదో వరస దగ్గరికి రాగానే ఆగిపోయి, కాసేపుండి మళ్ళీ మొదటికి వచ్చేవాడు. ‘అదే పాట, అదే చోట తప్పు’ అని రాశాను. ‘నేర్చుకొనలేనివాడు మానుకొనుట ఉత్తమము’ అని రాశాను. ఆయన టైలరమ్మ భర్త. ఫైరింజనులో ఉద్యోగం చేసేవాడు. మూడో వరసలో ఆమె చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

హాల్లో అందరికీ అర్థమైంది. కుర్చీలు కూడా కిర్రుమనలేదు. నేను ఒక్కొక్కటీ చదివాను. దాటేయడానికి వీల్లేదు, నంబర్లున్నాయి. ఎనభై ఎనిమిదో ఉత్తరం నాలుగే పంక్తులు: ‘గత పదకొండవ తేదీ నుండి బాకా వినబడుట లేదు. తమరు తీసుకొన్న సత్వర చర్యకు కృతజ్ఞుడను. బయలంతయు ప్రశాంతముగా నున్నది.’

అదీ నేను మునిసిపాలిటీని మొదటిసారి మెచ్చుకున్న ఉత్తరం. పదకొండో తేదీన ఆయన ఆసుపత్రిలో చేరాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ సంగతి నాకు నెల తర్వాత, షాపు ఎందుకు మూసి ఉందని అడిగితే తెలిసింది. తెలిశాక కూడా ఉత్తరం కాపీ పెట్టెలోనే ఉంచాను, నంబరు తప్పిపోతుందని.

“మంచినీళ్ళు తాగండి,” అంది విచారణాధికారి. తాగాను. మిగతా డెబ్భై అయిదూ ఎలా చదివానో గుర్తులేదు. రొట్టెలాయన యాభయ్యో ఏట సైకిలు నేర్చుకుంటూ నాలుగుసార్లు పడిన ఉత్తరానికి కూడా ఎవరూ పెద్దగా నవ్వలేదు.

ఆఖర్న మునిసిపాలిటీ లాయరు లేచాడు.

“ఇరవయ్యారేళ్ళలో మీరెప్పుడైనా ఆ పచ్చిక మీద అడుగుపెట్టారా?”

“లేదండీ. చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.”

“నూట అరవై మూడో ఉత్తరంలో మా పథకాన్ని అభినందించారు. మరి ఇప్పుడీ పక్షానికెందుకు వచ్చారు?”

లాయరమ్మాయి నావైపు చూసింది. పచ్చిక విలువ తెలిసిందనో, భావితరాలనో చెప్పడానికి ఇంట్లో రెండు వాక్యాలు తయారు చేసుకునే వచ్చాను. అవి నోట్లోంచి రాలేదు.

“ర్యాంపు నా కిటికీ ముందు పడిందండీ.”

“అంటే మీ స్వార్థం కోసం.”

“అవునండీ. కానీ ఉత్తరాల మీద తేదీలు స్వార్థంతో వేసినవి కావు. అప్పుడు నాకు ఇవన్నీ ఆగిపోవాలనే ఉండేది. ఒక్క ఏడాది ఆగినా రాయడం మానేసేవాణ్ణి. ఆగలేదు.”

ఆయన కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున పదింటికి టైలరమ్మ మా మేడమెట్లెక్కి వచ్చింది. మా ఆవిడ ఒక్కసారి నా వైపు చూసి, కావాలనే వంటింట్లోకి వెళ్ళింది. నేను క్షమించమని మొదలుపెట్టాను. టైలరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

“షాపుకి మూడుసార్లు వచ్చారు. దీనికేనా?”

“దీనికే.”

“గుండీ తెంపుకొచ్చారని అప్పుడే అనుకున్నాను. దారం లాగినట్టుంది, ఊడినట్టు లేదు.” ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. “మంటల్లో పొగ మింగీ మింగీ ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఏదైనా ఊదితే ఊపిరి నిలుస్తుందని డాక్టరన్నాడు. ఫైరింజను బ్యాండులో వాయించిన బాకా ఉంటే తీశారు. ఎనిమిదో వరస దగ్గర ఆగింది తప్పు వల్ల కాదండీ. అక్కడికి ఊపిరి అయిపోయేది.”

పదిహేడు ఉత్తరాల్లోనూ ‘తప్పు’ అనే రాశాను. నేను పట్టుకున్న తప్పుల్లో అంత పెద్ద తప్పు ఇంకొకటి లేదు.

“నాకు ఏనాడూ వినబడలేదు,” అందామె. “ఆయన ఊదే వేళకి షాపులో రెండు మిషన్లు నడిచేవి. ఎలా ఉందండీ అంటే బాగానే ఉంది అనేవారు. ఎంతదాకా వచ్చారో నాకు తెలీదు. మీకు తెలుసు. నిన్న మీరు చదువుతుంటే ఆ ఎనిమిదో వరస తర్వాత నాకేదీ చెవికెక్కలేదు. ఆ కాపీలు నాకు ఒకసారి చూపిస్తారా?”

లాయరమ్మాయి తిరిగిచ్చిన కాపీలున్న పెట్టె తెచ్చి ముందు పెట్టాను. ఆమె కుర్చీలో కూర్చుని పదిహేడూ చదివింది. నెమ్మదిగా, కొలతలు చూసుకున్నట్టు. ఎనభై ఆరో ఉత్తరం దగ్గర వేలు ఆగింది. నేను వంగి చూశాను. ‘నిన్నటి దినమున ఎన్నడును లేనిది పదియవ వరస వరకు పోయెను. ఈ బాధ ఇకమీదట మరింత సేపు సాగునేమోనని భయముగా నున్నది.’

“పదో వరస,” అంది. “పదో వరస దాకా వచ్చారన్నమాట.” ఆ వాక్యం మీద నుంచి చాలాసేపు వేలు తియ్యలేదు.

“ఈ పదిహేడూ మీరు తీసుకెళ్ళండమ్మా. ‘తప్పు’ అన్నచోటల్లా దిద్ది, శుభ్రంగా మళ్ళీ కొట్టిస్తాను.”

“దిద్దొద్దు. ఎలా ఉన్నాయో అలాగే ఇవ్వండి.” లేచి, కాగితాలు సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగింది. “నాకు మీ మీద కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు. కానీ ఆయన గురించి తేదీలతో సహా రాసింది మీరొక్కరే.”

ఆమె వెళ్ళాక మునిసిపాలిటీ ఫైల్లో ఉన్న అసలు ఉత్తరాల్లోనైనా ఆ మాట దిద్దవచ్చా అని లాయరమ్మాయికి ఫోను చేసి అడిగాను. సాక్ష్యంగా దాఖలైన కాగితం మీద కామా కూడా పెట్టకూడదంది.

అయిదు నెలలకి ఉత్తర్వు వచ్చింది. ఇరవై ఏళ్ళకు మించి ప్రజలు ఈ నేలను అనుమతి లేకుండా, బహిరంగంగా, ఎడతెగకుండా వాడుకున్నట్టు ‘ఒక పొరుగువాని విసుగు వల్ల’ నిస్సందేహంగా రుజువైందని విచారణాధికారి రాసింది. బయలు ఉమ్మడిగా రిజిస్టరయింది. పార్కింగు రైలు స్టేషను వెనక్కి మారింది. ఆ వార్త పత్రికలో వచ్చిన రోజు రొట్టెలాయన నాకొక రొట్టె చేతిలో పెట్టి, “మీరు తిట్టకపోతే మా గతేమయ్యేది!” అన్నాడు. పొగడ్తో ఎగతాళో తెలియలేదు. రొట్టె మాత్రం వేడిగా ఉంది.

అదే సాయంత్రం మా ఆవిడ చెప్పులేసుకుంటూ, “నేను లైబ్రరీకి వెళ్తున్నాను. వస్తారా?” అంది.

వెళ్ళాను. పచ్చిక అంచు దగ్గర కాళ్ళు వాటంతటవే పక్కకి, చుట్టుదారి వైపు తిరిగాయి. ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. పొద్దున వాన పడింది. అరవై ఏడేళ్ళ మనిషి గడ్డిలో కూర్చోవడం అంత తేలిక కాదు. ఒక మోకాలు, తర్వాత ఒక చెయ్యి, తర్వాత ఒక మూలుగు. కూర్చున్నాక తడి ప్యాంటులోంచి లోపలికి దిగింది. మా ఆవిడ స్నేహితురాళ్ళు నా వైపు ఒకసారి చూసి, తమ కబుర్లలో పడ్డారు. కింద నుంచి చూస్తే మా కిటికీ ఎంత చిన్నగా ఉందో. ఎవరో పరిగెత్తుతూ నా కాళ్ళ మీంచి దూకి పోయారు. అటుపక్క ఎవరో దుప్పట్లు మడతపెడుతున్నారు. వీధిదీపాలు వెలిగేదాకా అక్కడే ఉన్నాను. నన్ను ఎవరూ పట్టించుకోలేదు.